మా వార్డు పోస్టరు, దాని మీద నా ఫొటో

నా చేతిరాత బాగుంటుంది. ఈ మాట నా అంతట నేను అనడం లేదు. ‘చెప్పులు బయట విడువుము’ అని వార్డు గుమ్మం పక్కన నేను రాసి అంటించిన కాగితాన్ని చూసి మా పెద్ద డాక్టరుగారు ఒకసారి ‘బాగుంది’ అన్నారు. ఆయన మెచ్చుకున్నది చెప్పులు వరసగా బయట ఉండటాన్నేమో అని మా ఆయనకు అనుమానం. నాకు ఆ అనుమానం ఎప్పుడూ రాలేదు. ఆ ఒక్క మాట మీద నేను చాలా ఏళ్లు బతికాను.

అనకాపల్లిలో ఒక ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డుకు నేను ఇన్‌చార్జి నర్సును. ఈమధ్య మా వార్డులో ఒక మంచి పని జరిగింది. మంచి పనే, అందులో సందేహం లేదు. వచ్చిన గొడవంతా దాన్ని నలుగురికీ చెప్పబోయినప్పుడు వచ్చింది.

ముందు ఆ పని గురించి చెప్పాలి. పొద్దున్న రౌండ్సులో డాక్టరుగారు ఒక పేషెంటుతో, ‘ఇవాళ ఇంటికి వెళ్లిపోవచ్చమ్మా’ అంటారు. ఆ మాట వినగానే ఆవిడ చీర మార్చుకుని, సంచి సర్దుకుని కూర్చుంటుంది. అప్పుడు మొదలవుతుంది అసలు కథ. ఫైలు టైపు చేసే అతని దగ్గరికి వెళ్లాలి. అది అయ్యాక మిగిలిన మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లాలి. అదయ్యాక బిల్లు. ఒకటయితే గాని ఇంకోటి కదలదు. ఆవిడ ఇంటికి వెళ్లేసరికి సాయంత్రం. కె. కోటపాడు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అలాగే ఒకరోజు, మంచం వేరేవాళ్లకు ఇచ్చేశాక, వరండాలో బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని పొద్దుటి నుంచి కూర్చుంది. పేషెంటు కాదు కాబట్టి మధ్యాహ్నం ఆసుపత్రి భోజనం ఆవిడకు రాలేదు. ఇంటికి వెళ్లి తినొచ్చు కదా అని ఆవిడ బయట కూడా తినలేదు. నేను డ్యూటీ దిగి వెళ్తుంటే, ‘అమ్మా, నన్నేటి మర్సిపోయేరా?’ అని అడిగింది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని.

ఆ రాత్రి నాకు అన్నం సరిగా దిగలేదు. మర్నాడు మా వార్డులో నాతో పనిచేసే చిన్న సిస్టరూ నేనూ కూర్చుని ఒక పద్ధతి ఆలోచించాం. రేపు ఎవరు ఇంటికి వెళ్లేలా ఉన్నారో డాక్టరుగారిని ముందురోజు సాయంత్రమే అడిగి, కాగితాలూ మందులూ అప్పుడే కదిలించేస్తే, పొద్దున్న రౌండ్సు తర్వాత మిగిలేది సంతకం ఒక్కటే. అంతే. చెప్పుకోడానికి ఇంతే. కానీ మనుషులు మధ్యాహ్నం బస్సుకు ఇంటికి వెళ్లిపోవడం మొదలుపెట్టారు.

ఇంతలో పెద్ద డాక్టరుగారు ఒక ప్రకటన చేశారు. ప్రతి విభాగం తాను బాగుచేసుకున్న పని ఒకటి పోస్టరుగా వేసి కింద హాల్లో రెండు రోజులు ప్రదర్శించాలి. బయటి ఆసుపత్రుల వాళ్లు కూడా వస్తారు. మంచి పోస్టరుకు బహుమతి. ఈ మాట చెబుతూ ఆయన ఎందుకో నా వైపు చూశారు. బహుశా నా వెనక గోడ గడియారం చూసి ఉంటారు. నేను మాత్రం తల ఊపాను.

పోస్టరు ఎలా ఉండాలో నాకు ముందే తెలుసు. నిండుగా ఉండాలి. ఖాళీ కనపడితే వీళ్లు ఏమీ పని చేయలేదనుకుంటారు. శీర్షిక ఇలా పెట్టాను: ‘డిశ్చార్జి ప్రక్రియలో సమయపాలన దిశగా మహిళా వార్డు చేపట్టిన సమగ్ర మెరుగుదల కార్యక్రమం’. దాని కింద ఉపోద్ఘాతం, ఆశయాలు, పద్ధతి, ఎదురైన అవరోధాలు, ఫలితాలు, భవిష్యత్ ప్రణాళిక, కృతజ్ఞతలు. బాణాలు వేసి, బాణాలు ఎటు వెళ్తున్నాయో చెప్పడానికి ఇంకొన్ని బాణాలు వేశాను. ప్రతి పేరాకు వేరే రంగు.

మా ఆయన బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పని చేస్తారు. ఆయన భోజనం చేస్తుంటే పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించాను. అన్నం అయిపోయింది, మజ్జిగ అయిపోయింది, చెయ్యి ఎండిపోయింది. నేను ఇంకా అవరోధాల్లోనే ఉన్నాను.

‘ఎలాగుందండీ?’ అన్నాను చివరికి.

‘బాగానే ఉంది గానీ, ఇదంతా నిలబడి సదవాలంటే డిశ్చార్జి చేయించుకున్నంత సేపు పడతాదేమోనే’ అన్నారు.

చదువు విలువ తెలియని మనిషి అనుకున్నాను.

స్టేషను రోడ్డులో ఒక ఫ్లెక్సీ షాపుంది. అతని దగ్గర పుట్టినరోజులూ పెళ్లిళ్లూ నాయకుల స్వాగతాలూ తప్ప ఇలాంటిది ఎవరూ ఎప్పుడూ వేయించలేదట. నా కాగితాలు తిరగేసి, కంప్యూటరు ముందు కాసేపు గడ్డం గోక్కుని, ‘ఫొటో ఏదండి మేడమ్?’ అన్నాడు.

‘ఫొటో ఎందుకు?’

‘ఫొటో లేకపోతే బోసిగా ఉంటాది. పని సేసింది ఎవరో తెలియాలి గదండి.’

వద్దన్నాను. కానీ ఆ వద్దనడంలో ఏం వినిపించిందో, అతను నవ్వి, ‘వాట్సాప్‌లో పెట్టేయండి’ అన్నాడు. మా ఆడపడుచు కూతురి పెళ్లిలో తీసిన ఫొటో ఒకటి నాకు చాలా ఇష్టం. జడలో పూలు, ముఖంలో కాస్త చిరునవ్వు. అదే పంపాను. చిన్న సిస్టరు ఫొటో కూడా పంపి ఉండాల్సింది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు, అని ఆమెతో చెప్పాను. ఆమె నమ్మలేదు.

ఫ్లెక్సీ ప్రదర్శన రోజు పొద్దున్నే నేరుగా హాలుకు వచ్చింది. విప్పి గోడకు కట్టాం. నా ముఖం కోడిగుడ్డు ఆకారంలో పైన మధ్యలో ఉంది. చుట్టూ గులాబీల దండ. వెనక నుంచి వెలుగు కిరణాలు. అడుగున అందానికి రెండు పక్కలా రెండు దీపపు కుందులు, నిండుగా వెలుగుతూ. అక్షరాలు మధ్యలో ఎక్కడో చీమల బారులా ఉన్నాయి. నేను దూరం నుంచి చూశాను, దగ్గర నుంచి చూశాను. నిజం చెప్పాలంటే నాకు బాగా నచ్చింది.

‘ఎలాగుందే?’ అన్నాను చిన్న సిస్టరుతో.

‘పెద్దగా ఉందక్కా’ అంది.

కాసేపటికి జనం రావడం మొదలైంది. అందరూ లాబొరేటరీ వాళ్ల పోస్టరు దగ్గరా, వంటశాల వాళ్ల పోస్టరు దగ్గరా ఆగుతున్నారు. నా దాని ముందు నిలబడ్డవాళ్లు కొందరు కనిపించి సంతోషించాను గానీ, వాళ్లు పక్కనున్న టీ బల్ల కోసం వరసలో ఉన్నారు. అప్పుడు ఒకావిడ వచ్చింది. రాంబిల్లి వైపు సముద్రం ఒడ్డు ఊరామె, చేపలమ్ముకుంటుంది. కోడలికి ఆపరేషనయి మా వార్డులోనే ఉంది. ఫ్లాస్కు పట్టుకుని టీ కోసం వచ్చినావిడ నా పోస్టరు ముందు టక్కున ఆగిపోయింది. నా గుండె పొంగింది. ఆవిడ ఫ్లాస్కు కింద పెట్టి, కొంగు సర్దుకుని, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

‘అయ్యో తల్లీ! సిన్నొయిసే గదా. ఎప్పుడు పోయేరమ్మా ఈవిడ?’ అని పక్కనున్న నన్నే అడిగింది.

నాకు మాస్కు ఉంది, తలకు టోపీ ఉంది. వార్డులో కూడా ఆవిడ నన్ను అలాగే చూసింది. చిన్న సిస్టరు గోడ వైపు తిరిగింది. ఆమె భుజాలు ఊగిపోతున్నాయి.

మాస్కు కిందికి లాగి, ‘పోలేదమ్మా, నేనే’ అన్నాను.

‘ఒలమ్మో!’ అని ఆవిడ ఒకడుగు వెనక్కి వేసింది. నన్ను చూసింది, ఫ్లెక్సీ చూసింది, మళ్లీ నన్ను చూసింది. తర్వాత నా గడ్డం పట్టుకుని, ‘నిండు నూరేళ్లు బతుకు తల్లీ. బతికున్న మనిషికి దండెయ్యకూడదమ్మా, దీపాలెట్టకూడదు. ఎవరు సేసేరమ్మా నీకీ పని? సాయంత్రం దిష్టి తీయించుకో’ అంది. ఆవిడ కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

పైకి వెళ్లి ఆవిడ ఈ సంగతి వార్డంతా చెప్పింది. మధ్యాహ్నానికల్లా నడవగలిగిన పేషెంట్లందరూ కిందికి దిగి నా పోస్టరు చూసి వెళ్లారు. హాల్లో ఇంకే పోస్టరుకూ అంత జనం రాలేదు. ఒక్కరూ ఒక్క అక్షరం చదవలేదు.

ఆ తర్వాత బహుమతి నిర్ణయించేవాళ్లు వచ్చారు. వాళ్లలో పెద్దావిడ ఒక డాక్టరు. కళ్లజోడు పెట్టుకుని, ముందుకు వంగి, వెనక్కి జరిగి, చివరికి నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగారు: ‘ఇంతకుముందు పేషెంట్లు ఎన్ని గంటలకు వెళ్లేవారమ్మా? ఇప్పుడు ఎన్ని గంటలకు వెళ్తున్నారు?’

‘ఇందులోనే ఉందండీ’ అని నేను వేలు పెట్టి వెతకడం మొదలుపెట్టాను. ఆశయాల్లో లేదు. పద్ధతిలో లేదు. ఒక బాణం పట్టుకుని వెళ్తే అది నన్ను కృతజ్ఞతల్లోకి తీసుకెళ్లింది. నోటితో చెప్పేస్తే అయిపోయేది. కానీ నేనే రాసింది నాకే దొరక్కపోవడమేమిటని పంతం పట్టాను. చివరికి తెలిసింది, ఆ గంటలు రాసిన చోటు ఎడమ వైపు దీపం కింద ఉంది. నూనె, వత్తి, మంట, అన్నీ దాని మీదే.

‘ఫర్వాలేదమ్మా’ అని ఆవిడ నా భుజం తట్టి పక్క పోస్టరుకు వెళ్లిపోయారు. ఆ తట్టడంలో జాలి ఉంది. దిష్టి తీయించుకోమన్నావిడ మాట కంటే అది నన్ను ఎక్కువ బాధపెట్టింది. బెంచీ మీద కూర్చున్న ఆ కోటపాడు పెద్దావిడ సంగతి వీళ్లకు చెప్పాల్సింది పోయి, నేను నా జడలో పూలు చూపించాను.

డ్యూటీ అయ్యాక చిన్న సిస్టరు ఫ్లెక్సీ విప్పి నేల మీద తిరగేసి పరిచింది. వెనక అంతా తెల్లగా ఉంది.

‘రేపు ఇంకో రోజుంది గదక్కా. దీని మీదే రాసేద్దాం’ అంది.

నేను మార్కరు తీసుకుని ‘డిశ్చార్జి ప్రక్రియలో’ అని మొదలుపెట్టాను. ఆమె నా చేతిలోంచి మార్కరు లాక్కుంది.

‘అక్కా, ఈ పని గురించి ఇంటికెళ్లి బావగారికి మొదట ఏటని సెప్పేవు?’

కాస్త ఆలోచించాను. ‘పొద్దున్న వెళ్లొచ్చు అన్న మనిషి, మధ్యాహ్నం బస్సుకే ఇంటికెళ్లిపోతోందండీ అని చెప్పాను.’

‘మరదే రాద్దాం.’

అదే శీర్షిక అయింది. ఎడమ వైపు బెంచీ మీద సంచితో కూర్చున్న ఒక పెద్దావిడ బొమ్మ వేశాను, గోడ మీద సాయంత్రం చూపించే గడియారం. కుడి వైపు అదే ఆవిడ బస్సు కిటికీలో, పైన మధ్యాహ్నపు సూర్యుడు. ముగ్గులు వేసే చెయ్యి కాబట్టి బొమ్మలు కుదిరాయి. మధ్యలో ఒకే ఒక్క బాణం. దాని కింద మేం చేసిన పని నాలుగు చిన్న వాక్యాలు. చుట్టూ బోలెడంత ఖాళీ మిగిలింది. ఆ ఖాళీ చూస్తుంటే నా వేళ్లు దురద పెట్టాయి. కనీసం ఒక లతల బోర్డరయినా వేద్దామన్నాను. ఆమె మార్కరు జేబులో పెట్టుకుని లేచి వెళ్లిపోయింది.

రెండో రోజు నర్సీపట్నం వైపు నుంచి వచ్చిన ఒక సీనియరు నర్సు టీ కప్పు పట్టుకుని మా పోస్టరు ముందు ఆగింది. రెండు బొమ్మలూ చూసింది, నాలుగు వాక్యాలూ చదివింది. టీ చల్లారక ముందే నా వైపు తిరిగింది.

‘మరి ఆదివారం ఎలాగ సేత్తన్నారు?’

‘ఇదే పద్ధతి’ అన్నాను ధీమాగా.

చిన్న సిస్టరు గొంతు సవరించుకుంది. ‘ఆదివారం అక్కకి సెలవు మేడమ్. శనివారం సాయంత్రం ఇచ్చిన కాగితాలు టైపు సేసే ఆయన అలాగే వదిలేసి ఎల్లిపోతారు, ఆదివారం రారు. ఆదివారం ఇంకా సాయంత్రమే అవుతోంది.’

ఆ సంగతి నాకు తెలియదు. నేను ఆసుపత్రిలో ఉండని రోజున అక్కడ ఏదో జరుగుతుందని నాకు ఎప్పుడూ తోచలేదు. సీనియరు నర్సు మాత్రం నవ్వి, ‘మాకూ ఆదివారంతోనే తంటా’ అంది. ముగ్గురం అక్కడే నిలబడి మాట్లాడుకున్నాం. అటుగా వెళ్తున్న ఫార్మసీ అతన్ని కూడా చెయ్యి పట్టుకుని ఆపాం. ఆదివారం వెళ్లేవాళ్ల కాగితాలు శనివారం ఆయన వెళ్లకముందే దగ్గరుండి టైపు చేయించాలనీ, మిగిలిన మందులు ఫార్మసీ అప్పుడే వాపసు తీసుకోవాలనీ అక్కడే ఖాయమైంది. ఫార్మసీ అతను కాసేపు గొణిగి, సరేనన్నాడు.

బహుమతి వంటశాల వాళ్లకు వచ్చింది. ఏ పేషెంటుకు ఏ భోజనమో తెలిసేలా మంచాలకు రంగు చీటీలు కట్టే పద్ధతి వాళ్లది. నిజమైన కంచాలే బోర్డుకు కట్టి చూపించారు. నేను చప్పట్లు కొట్టాను, మరీ గట్టిగా కాదు.

ఆ వచ్చిన ఆదివారం నా సెలవు మానుకుని ఆసుపత్రికి వెళ్లాను. ఇద్దరు పేషెంట్లు భోజనాల వేళకే వెళ్లిపోయారు. మూడో ఆమె కాగితంలో ఒక మందు పేరు మార్చాల్సి వచ్చింది. కంప్యూటరు తెరవబోతే పాస్‌వర్డు అడిగింది. టైపు చేసే అతనికి ఫోన్ చేశాం. అతను చెప్పడానికి తెగ మొహమాటపడ్డాడు. ఎందుకా అనుకున్నాం. అదొక అమ్మాయి పేరు. ఇంకా పెళ్లి కుదరలేదట, ఎవరికీ చెప్పొద్దని మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుని, ఒక్కో అక్షరమే చెప్పాడు. చిన్న సిస్టరు కొట్టింది, నేను సరిచూశాను, కాగితం బయటికి వచ్చింది. మూడో ఆమె మధ్యాహ్నం బస్సు అందుకుంది.