చున్నీకి అంటిన వెంట్రుకలు

సోమవారం పొద్దున నిజామాబాద్ దవాఖానలో నా బిడ్డ పోయింది. డాక్టరు బయటికి వచ్చి, "అమ్మా, మా చేతనైనంత చేసినం" అన్నాడు. నేను ఆయన మాట వినలేదు, మొహమే చూశాను. ఏదో దాస్తున్నాడనిపించింది. తర్వాత కాగితాలన్నీ పట్టుకుపోయి ఆర్మూర్‌లో ఇద్దరికి వేరువేరుగా చూపించాను. ఇద్దరూ ఒకటే చెప్పారు. డెంగీ జ్వరం, రక్తంలో కణాలు పడిపోయాయి, తీసుకువచ్చేసరికే ఆలస్యమైంది. వీళ్లిద్దరూ ముందే మాట్లాడుకున్నారేమో అని కూడా అనుకున్నాను. నాది అటువంటి బుద్ధి.

నెల గడిచాక, బిడ్డ పని నేర్చుకున్న పార్లర్ మేడమ్ మా ఇంటికి వచ్చింది. కొత్తగా చేరే పిల్లలకు ఒక చిన్న పుస్తకం ఇస్తారట, అందులో బిడ్డ గురించి నన్ను రాయమంది. నేను ఆరో తరగతి దాకే చదివాను. ఈమె నాతో ఎందుకు రాయిస్తోంది, ఇందులో ఆమెకేం లాభం అని రెండు రోజులు ఆలోచించాను. ఏమీ కనపడలేదు. అందుకే రాస్తున్నాను. కత్తెర పట్టబోయే పిల్లలూ, తప్పులుంటే దిద్దుకొని చదవండి.

మాది వేల్పూర్, పసుపు పండించే ఇల్లు. మా ఆయన దుబాయిలో ఉంటాడు. మా బావ, ఆయన భార్య, మేము ఒకే కల్లంలో పసుపు ఆరబోసుకునేవాళ్లం. ఒక ఏడు మా కుప్పలోని మంచి కొమ్ములు వాళ్ల కుప్పలోకి పోయాయని నాకు అనుమానం వచ్చింది. బావ భార్యను, అంటే మా తోటికోడలిని, నేను అక్క అంటాను. ఆ అక్కను నలుగురిలో నిలబెట్టి అడిగాను. ఆమె ఏడ్చింది. ఏడ్చినవాళ్లంతా తప్పు చేసినవాళ్లేనని అప్పుడు నా లెక్క. చేను కౌలుకిచ్చి ఆర్మూర్ వచ్చి కిరాయి ఇంట్లో పడ్డాం. మళ్లీ పెద్దమ్మ గడప తొక్కనని బిడ్డ చేత నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను.

ఇంటర్ అయ్యాక బిడ్డ పార్లర్‌లో చేరింది. మొదటి వారమే సంచిలో ఒక తలకాయ తెచ్చింది. రబ్బరు మొహం, మీద నిజమైన జుట్టు.

"ఏందే గిది?"

"డమ్మీ తల అమ్మా. దీని మీదనే నేర్చుకోవాలె."

"వెంట్రుకలు ఎవలవి?"

"నాకేం ఎరుక? గట్లనే వస్తది."

"ఎవలదో తెల్వని తలకాయ ఇంట్ల ఎందుకు? బయట పెట్టు."

"బయట పెడితే దారిన పోయేటోళ్లు దడుసుకుంటరు. ఉండనీయ్, అన్నమైతే అడగదు గదా."

ఆమె బయటికి పోగానే నేను దాని మొహాన్ని గోడకు తిప్పి పెట్టేదాన్ని. ఆమె వచ్చి మళ్లీ ఇటు తిప్పి, దానికి క్షమాపణ చెప్పేది, నాకు వినపడేలా.

సాయంత్రాలు మెట్ల మీద కూర్చొని ఉత్త చేతి బొటనవేలు ఆడిస్తూ ఉండేది. మా ఇంటి ఎదురుగా ఆటోలు ఆగుతాయి. ఎవరికో సైగ చేస్తోందనుకొని రెండు రోజులు కిటికీ వెనక నిలబడి చూశాను. మూడో రోజు అడిగేశాను. ఆమె నవ్వి కత్తెర తెచ్చి చూపించింది. ఉంగరం వేలు ఒక కన్నంలో, బొటనవేలు ఇంకో కన్నంలో పెట్టాలట. కింది రెక్క కదలకూడదు, బొటనవేలు ఒక్కటే ఆడాలి. చెయ్యంతా ఆడిస్తే జుట్టు మెట్లు మెట్లుగా తెగుతుందట. ఆ కత్తెరతో నేను ఒకసారి పాల ప్యాకెట్ కోశాను. ఆమె అరవలేదు. తుడిచి డబ్బాలో పెట్టి, "దీనితోని వెంట్రుక తప్ప ఏదీ కొయ్యొద్దమ్మా, పదును పోతది" అంది. ఆ రోజు నుంచి డబ్బా ఎక్కడ పెడుతోందో కనిపెట్టడం నాకు ఇంకో పని అయింది.

మీకు పనికొచ్చేవి ఆమె నోట విన్నవి రెండు మూడు ఉన్నాయి. తడి జుట్టును నమ్మొద్దనేది. తడిగా ఉన్నప్పుడు పొడుగ్గా కనపడుతుంది, ఆరాక పైకి పోతుంది. కస్టమర్ చూపించిన చోట కోస్తే ఆరాక కొట్లాటే. "పచ్చి పసుపు ఎండితే ఎంత తగ్గుతదో నీకు ఎరుకే గదా, గట్లనే" అని నాకు అర్థమయ్యేలా చెప్పింది. మొదట కోసిన పాయను గైడ్ అంటారట. దాన్ని చూసుకొని మిగతావన్నీ కోయాలి. అది తప్పితే తలంతా తప్పే.

ఒక ఆదివారం నా కొసలు తీస్తానని స్టూలు మీద కూర్చోబెట్టింది. నీళ్లు చల్లి, తోక దువ్వెనతో పాపిళ్లు తీసి, క్లిప్పులు పెట్టి, నిలువు పాయలు పట్టి కోసింది. అయిపోయిందని నేను లేవబోయాను. భుజం పట్టి ఆపింది.

"ఇప్పుడు అడ్డం పాయలు తీసి చూడాలె. దీన్ని క్రాస్ చెక్ అంటరు. నిలువుల మంచిగ కనపడ్డది అడ్డంల దొరికిపోతది."

"నీ చేతి మీద నీకే నమ్మకం లేదా?"

"నమ్మొద్దనే నేర్పుతరు. నీ అసొంటోళ్లకే ఈ పని మంచిగొస్తది అమ్మా."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. ఇప్పుడు గుర్తొస్తే మాత్రం కూర్చోబుద్ధి కాదు.

పార్లర్‌కు మంగళవారం సెలవు. అయినా రెండు మంగళవారాలకు ఒకసారి సామాన్లు తేవాలని చెప్పి బయలుదేరేది. పోయేటప్పుడు సంచిలో కత్తెర డబ్బా ఉండేది. మంగళవారం మాలో ఎవరూ తల ముట్టనివ్వరు. గోరు కూడా తీసుకోరు. మరి కత్తెర ఎందుకు? వచ్చాక చున్నీ దులిపి చూసేదాన్ని. వేలి గోరంత నల్లటి వెంట్రుకలు రాలేవి. ఇంత పొట్టి జుట్టు మగవాడిదేనని తేల్చుకున్నాను. వాటిని కాగితంలో కట్టి బియ్యం డబ్బా వెనక దాచాను. మా ఆయన ఫోన్ చేసినప్పుడల్లా చెబుదామనుకొని, ఇంకా గట్టి సాక్ష్యం దొరకనీ అని ఆగేదాన్ని.

ఆఖరి మంగళవారం ఆగలేదు. గడపలోనే చున్నీ లాక్కొని, వెంట్రుకలు దులిపి అరచేతిలో చూపించాను.

"ఇవి ఎవనివి?"

ఆమె అందులోంచి ఒక వెంట్రుకను రెండు వేళ్లతో తీసింది.

"కింద పడ్డదాన్ని చూసి తల ఎసొంటిదో చెప్పలేమమ్మా."

"గింతంత వెంట్రుక ఆడిదానికి ఉంటదా?"

కొస తీస్తే ఎంత పొడుగు జడ నుంచైనా అంతే పడుతుంది. మీకు మొదటి రోజే తెలుస్తుంది. స్టూలు మీద కూర్చున్న ఆదివారం నా చుట్టూ పడ్డవీ అంతే. చూసి కూడా నాకు తోచలేదు.

ఆమె చెప్పులు విడిచింది. "జర తలనొస్తుంది, పండుకుంట" అని లోపలికి పోయింది. అడిగినప్పుడల్లా వచ్చే తలనొప్పి అనుకున్నాను. బుధవారం నేను మాట్లాడలేదు. గురువారం ఆమె లేవలేదు.

బిడ్డను మట్టి చేసిన రోజు మా బావ ఒక్కడే వచ్చాడు. అక్క పదకొండో రోజు ఆటోలో వచ్చింది. ఆమెకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయిందని అంతకు ముందే విన్నాను, చూడటానికి పోలేదు. నా ఏడుపు చూడ్డానికి వచ్చిందనుకున్నాను. గోడకు ఆనుకొని కూర్చుంది. తల మీది కొంగు జారింది. మెడ దాకా కత్తిరించిన నల్లటి జుట్టు.

"ఎవలు తీసిన్రు?" అన్నాను.

"నీకు చెప్పలేదా చెల్లె? మంగళారం ఇడిసి మంగళారం వచ్చేది. ఒక్క చేత్తోని దువ్వుకునేటట్టు చేస్త పెద్దమ్మా అన్నది. జడ తీసిననాడు నేనేడిస్తే అదీ ఏడ్చింది."

"నాకెందుకు చెప్పలే?"

"ఒట్టు పెట్టించుకుంటివట గదా. అమ్మ కోపం జర దిగనీ, నేనే చెప్త అన్నది."

నేను నమ్మలేదు. అందరూ చూస్తుండగానే లేచి ఆమె వెనక కూర్చొని అడ్డం పాయలు తీశాను. బిడ్డ తీసినట్టే రెండు వేళ్ల మధ్య పట్టి చూశాను. కుడి వైపు సమానం. వెనక సమానం. ఎడమ చెవి వెనక ఒక పాయ వేలి గోరంత పొడుగు మిగిలి ఉంది.

"ఇది నా బిడ్డ చెయ్యి కాదు. గిట్ల ఇడిసిపెట్టదది" అన్నాను.

అక్క వెనక్కి తిరగలేదు.

"ఆఖరి మంగళారంది గది. చెయ్యి వణుకుతుంది పెద్దమ్మా, వచ్చేపారి సాఫ్ చేస్త అని కత్తెర కింద పెట్టింది. నొసలు ముట్టి చూస్తే పెనం లెక్క ఉండె. జల్ది ఇంటికి పోయి అమ్మకు చెప్పు బిడ్డా అన్న."

ఆ సాయంత్రం బిడ్డ నొసలు నా చేతికి జానెడు దూరంలో ఉంది. నా చేతిలో చున్నీ ఉంది.

ఇప్పుడు మంగళవారం నేనే వేల్పూర్ పోతున్నాను. మంగళవారం దువ్వొచ్చా అని ఎవరైనా అంటే అననీ. అక్క పసుపు కుప్ప గురించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నూనె రాసి దువ్వుతాను. ఈ సంగతి విని, ఎడమ చెవి వెనక పాయను సరిచేస్తానని పార్లర్ మేడమ్ అంది. నేను వద్దన్నాను. అక్క కూడా వద్దంది. జుట్టంతా పెరుగుతోంది. దానితో పాటు ఆ పాయా పెరుగుతోంది, ఎప్పుడూ గోరంత ముందే ఉంటోంది.