సారక్క తల్లిగారిల్లు

1979లో హసన్‌పర్తి పక్కన ఒక పల్లె సబ్‌సెంటర్‌లో నేను ఏఎన్ఎంని. గర్భిణులను చూసుకోవడం, కాన్పులు చేయడం, టీకాలు వేయడం నా పని. సబ్‌సెంటర్ అన్నది పేరుకే. ఒక పెంకుటింటి ముందు గది, ఒక బల్ల, ఒక స్పిరిట్ దీపం, అంతే. అయినా ఇప్పుడు తలచుకుంటే ప్రాణం లేచి వస్తుంది. నేను సైకిల్ మీద వెళ్తుంటే చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లు పని ఆపి, "నర్సమ్మ పోతాంది" అని కేకలేసేవాళ్లు.

ఆ ఊరి మల్లమ్మ కోడలు సారక్కకు ఎనిమిదో నెల. తొలిచూలు. మొహం, కాళ్లు బాగా ఉబ్బాయి. బీపీ చాలా ఎక్కువగా ఉంది. మూత్రం టెస్ట్‌ట్యూబులో పోసి దీపం మీద కాస్తే తెల్లగా విరిగింది. దీన్ని మేము టాక్సీమియా అనేవాళ్లం. ఎప్పుడైనా ఫిట్స్ రావచ్చు. వస్తే తల్లీబిడ్డలు దక్కడం కష్టం.

"ఇయ్యాల్నే హన్మకొండ దవాఖానల చేర్పియ్యాలె మల్లవ్వా" అన్నాను.

మల్లమ్మ అడ్డంగా తలూపింది. "తొలి కాన్పు తల్లిగారే చెయ్యాలె నర్సమ్మా. మేం చేస్తే మా ఇజ్జత్ పోతది. పిల్లకు తల్లి లేదు గని అన్న ఉన్నడు, ఏటూరునాగారం అవుతల. రేపు బస్సెక్కిస్తం."

ఆ అన్న ఉండేది అడవి లోపల. బస్సు దిగాక కూడా చాలా దూరం నడవాలి. అక్కడ డాక్టరు మాట అటుంచి మాత్ర కూడా దొరకదు. మల్లమ్మ చెడ్డ మనిషేం కాదు, కోడలంటే ప్రాణం. ఆనవాయితీ దగ్గరికొస్తే మాత్రం బండరాయి. సారక్క నా కొంగు పట్టుకుని, "నాకు భయమైతాంది అక్కా" అంది.

నాకు ఒళ్లు మండింది. "తల్లిగారే కావాలె గదా? నేనే తల్లిగారిని. హన్మకొండల నా రూముకు తోల్కపోత. ఆడికెళ్లి దవాఖానకు తీస్కపోతనో ఇంకేం చేస్తనో నా ఇష్టం."

మల్లమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నీకే ఇంక లగ్గం కాలే. నువ్వేం తల్లివి?"

"నా లగ్గమయ్యేదాక ఆగుతదా నీ కోడలి కాన్పు?"

ఆమెకు నవ్వొచ్చింది. "మరి ఉత్త మాటలు కాదు. పురుడు, తొట్టెల, ఒడిబియ్యం, అన్నీ నువ్వే చెయ్యాలె."

ఆ రోజే ముగ్గురం హన్మకొండలో బస్సు దిగి రిక్షా ఎక్కాం. మల్లమ్మ చూస్తుండగా సారక్కను నా గది గడప దాటించి, గుక్కెడు నీళ్లు తాగించి, అదే రిక్షాలో దవాఖానకు తీసుకెళ్లాను.

వార్డులో ఉండగానే ఒక మధ్యాహ్నం ఫిట్స్ వచ్చాయి. "తల్లి తరఫు వాళ్లెవరు?" అని డాక్టరమ్మ అరిచింది. "నేనే మేడం" అంటూ పరుగెత్తాను. ఇంజెక్షన్లతో ఫిట్స్ ఆపి, నొప్పులు రప్పించి కాన్పు చేశారు. ఆడపిల్ల. మనిషి చిన్నది, గొంతు పెద్దది. వరండాలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

"పెళ్లి కాకుండానే అమ్మమ్మవైనవ్" అని మా వీధిలో అందరూ నన్ను ఆటపట్టించారు. పిల్లను ఉయ్యాలలో వేసే తొట్టెల వేడుక నేనే చేశాను. ఒడిబియ్యం మాత్రం, నాకు పెళ్లి కాలేదు గనక, మా ఇంటి ఓనరమ్మ చేత పోయించాను. ఆ తర్వాత ఆ ఊళ్లో ఇంకొందరు కూడా, పుట్టింటి వాళ్లు దూరమైతే, కోడళ్లను నా గది మీదుగానే దవాఖానకు పంపారు.

ఇప్పుడు దవాఖానలు పెద్దవయ్యాయి, మిషన్లు వచ్చాయి. సంతోషమే. ఇక మిడ్‌వైఫ్‌లతో పనేముందని కొత్తగా నర్సింగ్ చదివే పిల్లలు నన్నడుగుతుంటారు. ఎన్ని మంచాలు వేసినా, ఇంటికి వెళ్లి అత్తతో పోట్లాడి ఒప్పించే మనిషి లేకపోతే సారక్కలు ఆ మంచం దాకా రారని చెప్తాను. నాకు ఆ కేసు నేర్పింది అదే.

సారక్క బిడ్డ బడికి వెళ్లే వయసులో నాకు ఆ ఊరి నుంచి బదిలీ అయింది. సామాను కట్టుకుంటుంటే మల్లమ్మ వచ్చి గడపలో చతికిలబడింది.

"యే ఊరికి పోతానవ్? జర పేరు చెప్పు, మనవరాలితోని రాపిచ్చుకుంట."

"ఎందుకవ్వా?"

"ఎందుకేంది? మీ కోడలి తల్లిగారిల్లు ఏడున్నదని నలుగురు అడిగితే, మేమేం చెప్పాలె?"