సుబ్బాయమ్మ గారి అరికాలి పొర

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, మిరప కోతలు మొదలైన రోజులు. నందిగామలోని నా చిన్న సర్జికల్ ఆసుపత్రికి జగ్గయ్యపేట నుంచి సుబ్బాయమ్మ గారిని ఆమె తమ్ముడు వెంకటేశ్వర్లు తీసుకొచ్చాడు. ఇద్దరూ కలిసి పప్పుల కొట్టు నడుపుతారు. ఆమెకు చాలా ఏళ్లుగా షుగర్. కుడి అరికాల్లో, బొటనవేలి మొదట్లో పుండు. నెలలు గడిచినా మానలేదు.

వేళ్లతో సహా పాదం ముందు సగం తీసేయాలని బెజవాడ ఆసుపత్రిలో చెప్పారు. ఆపరేషన్‌కు రోజు కూడా ఖాయమైంది. అలా చెప్పినవాళ్లను నేను తప్పుపట్టను. మానని షుగర్ పుండు ప్రాణం మీదికి తెస్తుంది.

“మీరైనా చెప్పండి డాక్టర్ గారూ, మా అక్క వినట్లేదు. మా అమ్మ ఇట్టాంటి పుండుతోనే పోయింది. లేటయితే మోకాలి దాకా పోద్దంట” అన్నాడు వెంకటేశ్వర్లు.

“కాలు నాదండీ. వీడికి కొయ్యడమంటే బస్తా మూతి కోసినట్టుంది” అందామె.

పాదంలో నాడి వేలికి తెలుస్తోంది. డాప్లర్ అని, రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న పరికరం పెట్టి చూశాను. ధార బాగుంది. ఎక్స్‌రేలో ఎముక శుభ్రంగా ఉంది. చీము లేదు. ఇవన్నీ సరిగా ఉన్న పుండు కొంచెమైనా పూడాలి. ఇది పూడడం లేదు సరికదా, అంచులు అప్పుడే చిరిగినట్టు ఎర్రగా ఉన్నాయి.

“ఇంట్లో కట్టు ఎవరు మారుస్తారు?”

“నేనేనండి. రోజూ పొద్దున్నే.”

“ఎలా మారుస్తారో ఇక్కడ చేసి చూపించండి.”

అతను సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశాడు. నురగ పొంగింది. గాజుగుడ్డతో గట్టిగా తుడిచి, అంచున ఉన్న పలచటి తెల్లని పొరను పట్టకారుతో పట్టి లాగాడు.

“చూడండి, రోజూ ఇది కడుతుందండి. రోజూ తీసేస్తున్నా. ఒక్కరోజు కూడా వదల్లేదు.”

“ఆపండి!” అన్నాను. రోగుల ముందు నేను గొంతు పెంచడం అరుదు.

అతను పీకేస్తున్నది మురికి కాదు, కొత్త చర్మం. పుండు అంచున ఉన్న చర్మకణం తన పక్కన ఎవరూ లేరని తెలుసుకుంటుంది. కణానికీ కణానికీ మధ్య అతుకుల దగ్గర క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది రెండు కణాలను కలిపి ఉంచుతుంది, పక్కన మరో కణం ఉందన్న కబురునూ లోపలికి పంపుతుంది. చుట్టూ కణాలు నిండుగా ఉంటే పెరుగుదల తగ్గుతుంది. ఒక వైపు ఖాళీ పడితే ఆ కబురు బలహీనపడుతుంది. అప్పుడు అంచు కణాలు ముందుకు జరుగుతాయి, వాటి వెనకవి విభజన చెందుతాయి. అతుకులు పూర్తిగా తెగవు కాబట్టి అన్నీ కలిసి ఒక పొరగా కదులుతాయి. పుస్తకాల్లో దీన్ని చేతులు పట్టుకోవడంతో పోలుస్తారు. ఆ పోలిక నాకు అక్కర్లేదు. జరిగేదే చాలు.

నా భార్య పోయింది కూడా ఆ ఏడాదే. పరామర్శకు వచ్చినవాళ్లు నా బాధను గాయంతో పోల్చి, అదే మానుతుందనేవారు. నేను ఒప్పుకోలేదు. గాయం ఎలా మానుతుందో నాకు తెలుసు. పక్క కణాలు వచ్చి ఖాళీని నింపితే మానుతుంది. ఆమె చోటు అలా నిండేది కాదు. నిండాలని నాకూ లేదు.

వెంకటేశ్వర్లు మాత్రం వెంటనే నమ్మలేదు. “నురగ వస్తుంటే క్రిములు చస్తున్నట్టేగదండీ?”

“క్రిములతో పాటు మీ అక్క కొత్త చర్మం కూడా చస్తోంది.”

అతను పట్టకారు కింద పెట్టేశాడు. “అంటే ఇన్నాళ్లూ నేనే...”

“ఏడవమాకరా” అంది సుబ్బాయమ్మ గారు. “నీ చేతికి తోమనిస్తే మిక్సీ జార్‌కి కూడా గీతలు పడతయ్. ముందు బెజవాడకి ఫోన్ చెయ్. రావట్లేదని చెప్పు. ఎందుకని అడిగితే, కాలికి ఇష్టం లేదంటని చెప్పు.”

నేను ఒక షరతు పెట్టాను. జ్వరం వచ్చినా, ఎరుపు పైకి పాకినా, ఆ ఆపరేషన్‌కు నేనే పంపిస్తాను. ఆమె సరేనంది. పెరాక్సైడ్ మానిపించాను. సెలైన్‌తో కడిగి, పుండుకు అంటుకోని గుడ్డ వేసి, ఆ పాదం మీద బరువు పడకుండా కట్టు కట్టాను. దాన్ని మా ఆసుపత్రిలోనే విప్పాలని చెప్పాను.

అతనికి ఏమీ చేయకుండా ఉండడమే కష్టమైంది. ఒకసారి ఫోన్ చేసి, “కట్టు లోపల ఏం జరుగుతుందో ఏమో, కొంచెం ఎత్తి చూడనాండీ?” అని అడిగాడు. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది: “చెయ్యేశావంటే గల్లాపెట్టె తాళం నీకివ్వను!”

వచ్చిన ప్రతిసారీ పొర కొంచెం లోపలికి జరిగి కనిపించేది. మధ్యలో ఒకసారి పుండు పక్కన ఎరుపు కనిపించి నేనే భయపడ్డాను. అది పైకి పాకలేదు, మందు మార్చాక తగ్గింది. ఎండలు ముదిరేసరికి అన్ని వైపుల అంచులూ మధ్యలో కలిశాయి. ఎక్కడ కలిశాయో అక్కడ ఆగాయి. చర్మం గుట్టగా పేరుకోలేదు.

ఇప్పుడు మానని పుండు వస్తే, రక్తప్రసారం చూసినట్టే ఇంట్లో కట్టు కట్టే చేతులనూ చూస్తాను. నా ఎదుటే విప్పిస్తాను, కట్టిస్తాను. కొన్నిసార్లు నిజంగానే తీసేయాల్సి వస్తుంది. అప్పుడు తీసేస్తాను. కానీ ఆ చేతులను చూడకముందు మాత్రం కాలు తీయమన్న కాగితం మీద సంతకం పెట్టను. ఎవరు తొందరపెట్టినా పెట్టను.