కళ్ళు రెండూ వదిలేసి

మా వైపు పిల్లల్ని బళ్ళో చేర్పించేటప్పుడు తండ్రులు ఒక మాట అంటారు. "కళ్ళు రెండూ వదిలేసి, మిగతా తోలంతా వలిచెయ్యండి మాస్టారూ." అనగానే మాస్టారు నవ్వుతారు, తండ్రి నవ్వుతాడు, పక్కన నిలబడ్డ పిల్ల కూడా ఏం చెయ్యాలో తెలీక నవ్వుతుంది. ఇంటికొచ్చిన వాళ్ళని భోంచేసి వెళ్ళండి అన్నంత మర్యాదగా అంటారు. అనకపోతే పిల్లల్ని నెత్తికెక్కించుకున్నారని అనుకుంటారేమోనని బెంగ. మా అమ్మాయిని ఆరో తరగతిలో చేర్చిన రోజు మా ఆయన కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడి, ఆ మాట అప్పజెప్పి వచ్చారు. తొంభైల్లో సంగతి ఇది. నిడదవోలుకి దగ్గర్లో మా ఊరు. ఊళ్ళో కొత్తగా వచ్చిన కాన్వెంటులో చేర్చాం, ఇంగ్లీషు మీడియమని.

"అదేం మాటండీ, కన్నపిల్లని పట్టుకుని" అన్నాను దారిలో.

"అందరూ అనేదేగా. ఊరికే అంటాం" అన్నారు.

ఊరికే అన్న మాటలన్నీ ఊరికే పోవు. ఆ ఏడాదే లెక్కల మాస్టారు బోర్డు మీద దశాంశాల లెక్క చెయ్యమంటే మా అమ్మాయి చుక్క ఒక అంకె అవతల పెట్టింది. ఆయన అరచెయ్యి చాచి ఎడమ చెంపా చెవీ కలిపి లాగి ఒకటి కొట్టారు. పిల్ల బల్ల మీద పడింది. లేచి చుక్క సరిగ్గా పెట్టి, తన చోటికి వెళ్ళి కూర్చుందట. ఈ సంగతి పిల్ల నాకు చెప్పలేదు, పక్కింటి పిల్ల చెప్పింది. మాది అన్నం కూడా తినకుండా పడుకుంది. చెవి కింద దిండు గలీబు తడిసి ఉంది, నీళ్ళూ నెత్తురూ కలిసి.

మా ఊరి డాక్టరు చుక్కల మందు వేసి, రాజమండ్రి తీసుకెళ్ళమన్నాడు. రైల్లో వెళ్ళాం. గోదావరి వంతెన మీద ఆ మోతకి పెట్టెలో అందరూ మాటలు ఆపేశారు. పిల్ల తల అటు తిప్పి ఒకసారి, ఇటు తిప్పి ఒకసారి వింది. "ఇటు తిప్పితే రైలు దూరంగా వెళ్తున్నట్టుందమ్మా" అంది. ఆ పూట నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు, చల్లారాలని నాకు లేదు కూడా.

చెవి డాక్టరుగారు కర్ణభేరి చిరిగిందన్నారు. నెలల తరబడి తిరిగాం. చివరికి ఆ చెవికి సగానికి పైగా వినికిడి పోయిందనీ, ఇంక రాదనీ తేల్చారు. ఈలోగా పిల్ల ఒక పద్ధతి నేర్చుకుంది. ఎడమ వైపు నించి ఎవరేం మాట్లాడినా వినబడకపోతే, మళ్ళీ అడగడానికి మొహమాటపడి చిన్నగా నవ్వి తలూపేసేది. ఎంత మంచి పిల్లో, ఏం చెప్పినా సరేనంటుంది అని చుట్టాలు మెచ్చుకునేవారు. వాళ్ళ మెప్పు వింటే నాకు చేతిలో ఉన్నది విసిరికొట్టాలనిపించేది.

బడికి వెళ్ళి అడిగాను. హెడ్మాస్టరుగారు కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, తీరిగ్గా చెప్పారు. "ఆయన చెయ్యి పడిన పిల్లలంతా ఇంజనీర్లయ్యారమ్మా. అయినా మీవారే కదండీ, కళ్ళు వదిలేసి తోలు వలవమన్నారు. కళ్ళు బాగానే ఉన్నాయి కదండీ."

హాస్యమాడుతున్నాననుకున్నాడు ఆ మనిషి. నేను కాఫీ ముట్టకుండా లేచి వచ్చేశాను. ఇంటికొస్తే మా అత్తగారు వాకిట్లోనే పట్టుకున్నారు. "ఆడపిల్ల. చెవి సంగతి నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలొస్తాయటే? నోరు మూసుకో." పిల్ల చెవి పోయినందుకు కాదు, అది పదిమందికీ తెలుస్తుందని ఆవిడ దిగులు. ఊళ్ళో సగం మందిదీ అదే దిగులు. కొట్టినవాడు మాత్రం గంట కొట్టగానే క్లాసుకి వెళ్తున్నాడు.

కొవ్వూరులో ఒక ప్లీడరుగారి దగ్గరికి వెళ్ళాను. మంచాయనే, దాచకుండా చెప్పాడు. పన్నెండేళ్ళ లోపు పిల్లల మంచి కోరి, తల్లో తండ్రో ఒప్పుకున్న మీదట చేసింది నేరం కింద రాదని చట్టంలో ఒక మాట ఉందట. గాయం పెద్దదైతే ఆ మాట పనికి రాదట. ఒక చెవి పూర్తిగా పోతే దాన్ని పెద్ద గాయమని చట్టం పేరు పెట్టి మరీ చెప్పిందట. "మరి సగం పోతే?" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అక్కడే వాళ్ళు పట్టుకుంటారమ్మా" అన్నాడు.

అంటే నా పిల్ల చెవి చట్టానికి చాల్లేదు. మిగిలిన ముక్క కూడా పోయుంటే పనికొచ్చేది. మా ఊళ్ళో ఎవడైనా పక్కవాడి గేదె కాలు విరగ్గొడితే సాయంత్రానికి పెద్దమనుషులు కూర్చుంటారు, తప్పు కట్టిస్తారు. గేదె ఒప్పుకుందా, గేదె గలాయన ముందే ఒప్పుకున్నాడా అని ఎవరూ అడగరు. పిల్ల దగ్గరికి వచ్చేసరికే ఈ ఒప్పుకోళ్ళు పుట్టుకొస్తాయి. ఒప్పుకోడానికి ఆ ఒళ్ళు తండ్రిదా? మాస్టారిదా? నాది కూడా కాదు. మోసి కన్నాను గనక నాదని నేనూ అనను.

తర్వాత కొన్నేళ్ళకి బళ్ళలో పిల్లల్ని కొట్టకూడదని ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. పేపర్లో చదివి మా వీధిలో పెద్దమనుషులు తెగ బాధపడిపోయారు, ఇంక చదువులెలా వస్తాయండీ అని. ఉత్తర్వు వచ్చాక కూడా ఆ బడిలో బెత్తం బీరువా మీద అలాగే ఉంది. కాగితం మీద నిషేధం ఉంటే చాలదు. కొట్టినవాడి మీద కేసు కట్టక తప్పని చట్టం కావాలి. ఎవరు ఒప్పుకున్నా చెల్లదని అందులో ఉండాలి. అన్నిటికంటే ముందు, పిల్ల నోటితో పిల్ల చెప్పేది వినాలని ఉండాలి. వినడం అంటే ఎలా వినాలో కూడా రాసిపెట్టాలి. ఎందుకంటున్నానో ఆ రోజుల్లో పోలీస్ స్టేషన్లో జరిగింది చెప్తే తెలుస్తుంది.

ప్లీడరుగారిని కలిసి వచ్చాక, అత్తగారు వద్దంటున్నా, మా ఆయన తల దించుకుని వెనకాల వస్తుండగా, పిల్లని తీసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ఎవరు చేరేశారో, అప్పటికే హెడ్మాస్టరుగారు వచ్చి ఎస్సైగారి ఎదురుగా కూర్చుని ఉన్నారు. లెక్కల మాస్టారు గోడకి ఆనుకుని నిలబడ్డారు.

ఎస్సైగారు నన్ను చూడకుండా మా ఆయన్ని అడిగారు. "చేర్చినప్పుడు తోలు వలవమని మీరన్నారా లేదాండీ?"

మా ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. "అన్నానండి" అన్నారు. "అందరూ అన్నట్టే అన్నానండి. ఇలా కొడతారని..."

"అన్నారు కదా. అయిపోయింది. ఏంటమ్మా, గురువుగారి మీద కేసులేంటి?"

"అన్నది ఆయన. దెబ్బ తిన్నది పిల్ల. పిల్లనడగండి" అన్నాను. నా గొంతుకి నేనే అదిరిపడ్డాను.

సరే అడుగుదాం అన్నట్టు ఎస్సైగారు హెడ్మాస్టరుగారి వైపు చూశారు. ఆయన లేచి పిల్ల దగ్గరికొచ్చి, బుజం మీద చెయ్యి వేసి, వంగి, ఎంతో ప్రేమగా మెల్లిగా ఏదో అడిగారు. పిల్ల చిన్నగా నవ్వి తలూపింది.

"చూశారాండీ? సార్ మీద నీకు కోపమేం లేదు కదమ్మా అన్నాను. లేదంటోంది బంగారుతల్లి."

ఆయన అడిగింది ఎడమ చెవిలో.

"ఆ చెవేనండీ! ఆ చెవిలోనే అడిగారు మీరు!" అని అరిచాను. "ఇటు వచ్చి మళ్ళీ అడగండి." హెడ్మాస్టరుగారు వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. లెక్కల మాస్టారు నేల చూపులు చూస్తున్నారు. ఎస్సైగారు కానిస్టేబుల్‌ని టీ తెమ్మన్నారు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశారు.

మెట్లు దిగాక పిల్ల నా కొంగు లాగింది. "అమ్మా, హెడ్మాస్టరుగారు ఏమడిగారు?"

దాని కుడి చెవి వైపుకి వచ్చి కూర్చుని చెప్పాను.

"ఉందమ్మా" అంది. "చాలా కోపం ఉంది."

దాని చెయ్యి పట్టుకుని మళ్ళీ మెట్లెక్కాను. లోపల టీలు తాగుతున్నారు. ఎస్సైగారు గ్లాసు దించకుండానే మమ్మల్ని చూశారు.

"మళ్ళీ ఏంటమ్మా?" అన్నారు. "పాప చెప్పేసింది కదా."