చెయ్యి ఎగిరిన ఉదయాలు

ఆ రోజుల్లో నాకు రోగం కంటే దాని పేరంటేనే ఎక్కువ భయం. జర్మనీలోని డెగ్గెన్‌డార్ఫ్‌లో మాస్టర్స్ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. పొద్దున లేచిన కాసేపటికి కుడి చెయ్యి నన్ను అడక్కుండానే ఒక్క కుదుపుతో ఎగిరేది. ఒకరోజు టూత్‌బ్రష్, మరోరోజు టీ కప్పు గోడకు తగిలాయి. (కప్పు నాది కాదు, రూమ్మేట్‌ది. బాపట్ల నుంచి వచ్చిన నర్సు. నాకంటే పెద్దది కనుక అక్క అనేదాన్ని.) పరీక్షల కోసం నిద్ర మానేసి కాఫీతో బతుకుతున్నాను కదా, అదే కారణమని సర్దిచెప్పుకున్నాను. ఇంటర్నెట్‌లో వెతికితే కాఫీ, నిద్రలేమి, కొన్ని మందులు అంటూ మొదలై చివరికి మూర్ఛ లాంటి నరాల జబ్బుల్లో తేలింది. ఇక నా వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తారని, విమానంలో కూడా చెయ్యి ఎగిరి పక్కవాళ్ల భోజనం పడేస్తానని ఊహించుకుని వారమంతా ఏడ్చాను.

"ఏడిస్తే ఆగదే. ఎప్పుడెప్పుడు వస్తుందో రాసుకో, వీడియో తీసుకో, డాక్టర్ టెర్మిన్ తీసుకో," అంది అక్క. టెర్మిన్ అంటే ఇక్కడ అపాయింట్‌మెంట్.

వెళ్లాను. కండరం అదరడాన్ని జర్మన్‌లో 'ట్సుకెన్' అంటారు. నేను బడాయికి జర్మన్‌లోనే మొదలుపెట్టి, "నాకు ట్సుకర్ ఉంది," అన్నాను. ట్సుకర్ అంటే పంచదార. వాడుకలో షుగరు జబ్బు కూడా. డాక్టరమ్మ వెంటనే నా వేలికి సూది గుచ్చి, షుగర్ బాగానే ఉందంది. అప్పుడు వీడియో చూపించాను. ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకుంది. పొద్దున పూటే వస్తుందా, ఎప్పుడైనా స్పృహ తప్పిందా, ఏమైనా మందులు వాడుతున్నావా, ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉందా అని అడిగి, నరాల డాక్టరుకు చీటీ రాసింది.

ఆ టెర్మిన్ ఆరు వారాలకు దొరికింది. తలకు తీగలు అంటించి పరీక్ష చేశారు. మూర్ఛలోనే అదొక రకమట. చిన్న వయసులో ఇలా పొద్దుటి కుదుపులతోనే బయటపడుతుందట, నిద్ర తగ్గితే పెరుగుతుందట. నేను భయపడిన పేరు చివరికి వినబడింది.

"నన్ను ఇండియాకు పంపేస్తారా?" అని అడిగాను.

నరాల డాక్టరు, పెద్దాయన, అయోమయంగా చూశాడు. "ఎందుకు? మందు ఇక్కడ కూడా దొరుకుతుందే."

ఆ మందు కుదరడానికి నెలలు పట్టింది. ఇప్పటికీ రోజూ వేసుకుంటున్నాను. ఆ ఆరు వారాలూ పొద్దున్నే కళ్లు తెరిచి, కదిలితే ఏమవుతుందోనని రెండు చేతులూ తొడల కింద అణచిపెట్టుకుని పక్క మీద కూర్చున్న అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వు సగంలోనే ఆపి, లేచి ఆ పూట మాత్ర వేసుకుంటాను.