కిరండోల్ బండి కథానాయిక

మా రోజుల్లో ఆడపిల్లలు చెడిపోవడానికి సెల్‌ఫోన్లు లేవు కాబట్టి అద్దె పుస్తకాలతోనే సరిపెట్టుకునేవాళ్లం. కొత్తవలస బస్టాండు పక్కన ఒక అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. అందులో నెలనెలా వచ్చే అరచేతంత నవలల సిరీస్ ఒకటి. ఏదో కొండల ఊళ్లో ఒక కాలేజీ, దానికో హాస్టలు, ఆ హాస్టల్లో ఒకే గదిలో నలుగురు అమ్మాయిలు. ఇంటర్ చదివినన్నాళ్లూ నేను మా పల్లెలో తిని ఆ హాస్టల్లో పడుకున్నాననే చెప్పాలి. (మా అమ్మ మాత్రం పిల్ల చరిత్ర చదువుతోందని మురిసిపోయేది. అట్ట చరిత్ర పుస్తకానిదే మరి.) పోయిన నెల భోగాపురంలో మా మావ మనవడి అన్నప్రాశనకి వెళ్లినప్పుడు, ఆ సిరీస్ మొత్తం ఫోన్లో దొరికిందని మా చెల్లి కూతురు చూపించింది. భోజనాలయ్యాక చాపలు పరుచుకుని కూర్చున్నాం. అది చదవడం, మేం నవ్వడం. మా అమ్మ తమ్ముడైన ఆ మావ కూడా గోడకి ఆనుకుని వింటూ కూర్చున్నాడు.

ఆ కథలు ఇప్పుడు వింటే ఒళ్లు మండుతుంది. ఒకమ్మాయి హాస్టలు మెట్ల మీద జారిపడి గతం మరిచిపోతుంది. రెండు పుస్తకాల పాటు తన పేరేమిటో తనకే తెలియదు గానీ, మధ్యలో పరీక్షలు రాసి ఫస్టు క్లాసు తెచ్చుకుంటుంది. (మాకు జ్ఞాపకశక్తి పూర్తిగా ఉండి కూడా గట్టెక్కడమే గగనమయ్యేది.) ఇంకో అమ్మాయికి అచ్చం తనలాంటి కవల ఒకతి ఊడిపడుతుంది. కన్నతల్లి పోల్చుకోలేదు, కాలేజీ వాచ్‌మన్ పోల్చుకుంటాడు. రైలు తప్పిపోయిన ప్రతి పిల్లకీ ఒక డాక్టరో, విమానం నడిపేవాడో, కాఫీ తోటల యజమానో ఎదురుపడతాడు. ఎవరూ అంట్లు తోమరు. ఎవరికీ తండ్రి ఉండడు. ఉన్నా ఏ విదేశంలోనో వ్యాపారం చేస్తుంటాడు. అందుకే అక్కడ ఎవరికి తోచిన రైలు వాళ్లు ఎక్కేసేవాళ్లు.

నలుగురిలో నాలుగో పిల్లకి కళ్లద్దాలు. నాకూ కళ్లద్దాలు. ఇక చెప్పేదేముంది, నేను ఆమెనే. ఒక పుస్తకంలో ఆమె రైల్వే ప్లాట్‌ఫారం మీద అద్దాలు తీసేస్తుంది. అంతే, మూడేళ్లుగా క్లాసులో పక్క బెంచీలో కూర్చున్న కుర్రాడు వచ్చి, "మిమ్మల్ని ఎక్కడో చూసినట్టుంది" అంటాడు. అద్దాలు తీసేశాక ఆ పిల్లకి వాడు ఎలా కనిపించాడో రాసినవాళ్లు చెప్పలేదు. చెప్పి ఉంటే నా కథ వేరేగా ఉండేదేమో.

ఇంటర్ అయ్యాక టీచరు ట్రైనింగు పరీక్ష రాస్తే ర్యాంకు వచ్చింది. మా ఇంట్లో ఆడపిల్లకి ర్యాంకు రావడం అదే మొదలు. ఫలానా రోజు విజయనగరంలో సర్టిఫికెట్లతో కనబడితే సీటు ఇస్తామని కార్డు వచ్చింది. నాన్న కార్డు రెండు వైపులా తిప్పి చూసి, "సీటొస్తే సదువుకో. రాకపోతే మాఘంలో పెళ్లి. మళ్లీ ఆ పరీచ్చా, ఈ పరీచ్చా అంటే కుదర్దు" అన్నాడు. నాకు ఆ సీటు ఎంత కావాలో నాన్నకి చెప్పే మాటలు నా దగ్గర లేవు. ట్రైనింగు అయ్యాక ఏదో ఊరి బడిలో పిల్లలకి పలకల మీద అక్షరాలు దిద్దిస్తున్నట్టు రోజూ ఊహించుకునేదాన్ని. ఆ ఊహలో మాత్రం హీరో ఎవడూ ఉండేవాడు కాదు.

ఆ రోజు నాన్న సైకిలు మీద కొత్తవలస స్టేషన్‌లో దింపి, టికెట్టు కొనిచ్చి, ఊడుపులున్నాయని వెళ్లిపోయాడు. మావ అప్పట్లో విజయనగరంలో బట్టల కొట్లో పనిచేసేవాడు. అక్కడ స్టేషన్లో కాచుకుని నన్ను ఆఫీసుకి తీసుకెళ్లాలని ఏర్పాటు. జీవితంలో మొదటిసారి ఒంటరిగా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. అద్దాలు తీసి సంచిలో పెట్టాను. లోకమంతా నీళ్లలో కడిగినట్టు మెత్తగా అయిపోయింది. ఒక బండి వచ్చింది. బోర్డు మీద అక్షరాలు చీమలబారుల్లా ఉన్నాయి. ఎవరినైనా అడగొచ్చు. కానీ కథానాయికలు అడగరు. ఎక్కేశాను.

ఎక్కి, పవిట సర్దుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఎదురు సీట్లో ఎవరో ఉన్నారు. రూపం మసకగా ఉంది గానీ నన్నే చూస్తున్నట్టు అనిపించి తల దించుకున్నాను. చాలాసేపటికి రైలు సొరంగంలోకి దూరింది. చీకటి, ఈల, అచ్చం పుస్తకంలో లాగే. ఒళ్లు జల్లుమంది. ఆ తర్వాత గుర్తొచ్చింది, విజయనగరం దారిలో సొరంగాల్లేవని. వెలుగొచ్చాక అద్దాలు పెట్టుకుని చూద్దును కదా, ఎదురుగా గంపనిండా కోళ్లతో ఒక ముసలమ్మ. నన్ను చూస్తున్నది ఆమె కూడా కాదు, ఒక కోడిపుంజు. అంతలో టీసీ వచ్చి నా టికెట్టు అందుకుని, "ఇజీనారం టిక్కెట్టెట్టుకుని కిరండోలు బండిలో ఏటి సేస్తన్నావమ్మా" అన్నాడు. విజయనగరం ఒక దిక్కు, అరకు కొండల మీదుగా పోయే ఆ బండి ఇంకో దిక్కు. నేను బావురుమన్నాను. "ఏడవకే అమ్మీ, అరకులో దిగిపో. సాయంత్రం ఎనక్కొచ్చే బండొస్తాది" అంది ముసలమ్మ. మిగిలిన రోజంతా అరకు స్టేషను బల్ల మీద సర్టిఫికెట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏ కాఫీ తోట యజమానీ రాలేదు. స్టేషను మాస్టరు జాలిపడి కొత్తవలసకి ఫోన్ చేసి కబురు చెప్పించాడు.

రాత్రి బండి దిగేసరికి ప్లాట్‌ఫారం మీద నాన్న, పక్కన మావ ఉన్నారు. నా కోసం చూసి చూసి మధ్యాహ్నమే విజయనగరం నుంచి వచ్చేశాడట మావ. దెబ్బలు ఖాయమనుకున్నాను. నాన్న నా సంచి అందుకుని, "పోనీలే, ఎల్దాం పద" అన్నాడు. అంతే. ఇంట్లో అమ్మ వేడన్నం పెట్టింది. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. మావ మాత్రం, "అరకు బాగున్నాదేటే?" అని అడిగి అందర్నీ నవ్వించాడు. మాఘంలో పెళ్లయింది, గజపతినగరం కాపురానికి వచ్చాను. కానీ ఆ ఒక్క రాత్రి తలుచుకుని నాన్నది బంగారం లాంటి మనసని ఎంతమందికి చెప్పానో. నాన్న పోయినప్పుడు కూడా అదే చెప్పుకుని ఏడ్చాను. ఈ రైలు కథ మా చుట్టాల్లో ప్రతి పెళ్లిలోనూ నా చేత చెప్పిస్తారు. కోడిపుంజు దగ్గర అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

భోగాపురంలోనూ చెప్పాను, నవ్వులూ అయ్యాయి. మా చెల్లి కూతురు మాత్రం నవ్వకుండా, "మరి మర్నాడెవరూ ఎళ్లి అడగలేదా పెద్దమ్మా? ఒక్కరోజు లేటయితే సీటు తీసేస్తారా?" అంది. ఈ ప్రశ్న ఇన్నేళ్లలో ఎవరూ వేయలేదు. నేనూ వేసుకోలేదు. మావ పళ్లలో పుల్ల ఆడించుకుంటూ, వర్షం పడుతుందా అన్నంత మామూలుగా అన్నాడు. "అడిగేనమ్మా. ఆ రోజే ఆపీసుకెల్లి అడిగితే, రేపు కూడా సూస్తాం, తీసుకురండన్నారు. వచ్చి బావకి సెప్పేను. గుంటకి సెప్పకు, సీటు ఈ రకంగా పోయిందే మంచిదన్నాడు."

మా చెల్లి లేచి లోపలికి వెళ్లిపోయింది. "ఇన్నాళ్లూ ఎందుకు సెప్పలేదు మావా?" అన్నాను. "నువ్వు అడగలేదు కదే" అన్నాడు. తప్పు చేసిన మొహం కాదు, కునుకు వస్తున్న మొహం. నాకు కోపం వచ్చింది. చెప్పలేనంత వచ్చింది. తిట్టాల్సినవాడు పోయాడు, ఉన్నవాణ్ణి తిట్టినా ఎందుకో అతనికి తెలియదు. తిరుగు బస్సులో, ఇన్నేళ్లూ నేను ఎవరెవర్ని తిట్టుకున్నానో తలుచుకున్నాను. ఆ పిచ్చి నవలలు రాసినవాళ్లని, అద్దెకిచ్చిన కొట్టువాణ్ణి, అందరికంటే ఎక్కువగా, కొత్తవలస ప్లాట్‌ఫారం మీద అద్దాలు తీసేసిన ఆ వెర్రి పిల్లని. పాపం, వాళ్లు పోగొట్టింది ఒక్క రోజే.

ఆ వెర్రి పిల్ల మర్నాడు ఏం చేసిందో నాకు బాగా గుర్తుంది. విజయనగరంలో ఇంకా సీట్లు ఇస్తున్న ఆ పొద్దున్న, తను అందరికంటే ముందు లేచి, తిట్టనందుకు నాన్న మీద ప్రేమ పొంగిపోయి, టీ కాచి ఇచ్చింది. పంచదార ఇంకో చెంచా ఎక్కువే వేసింది. బస్సులో అది గుర్తొచ్చి నవ్వాను. పక్క సీటావిడ ఏమిటన్నట్టు చూస్తే, ఏం లేదన్నాను.