ద్వాలి విప్పిన ఆకు కట్ట

వైరా నుంచి భద్రాచలం దాకా ఉన్న తునికి చెట్లన్నీ మా దాదీ ద్వాలిని చూడగానే వంగి మరీ బీడీ ఆకు అందిస్తాయి. నమ్మకం లేకపోతే చెట్లనే అడగండి. మా నాయనను కన్న తల్లి ఆమె. మనిషి చేటంత, నోరు గంపంత. ఆ నోరు ఆ పొద్దున మాత్రం పెగలలేదు.

కారణం తుల్సీరాం. తండాలో ఓట్ల పని చూసే మనిషి. ముందు రోజే వచ్చి, అమ్మను పిలిచినట్టు ‘యాడీ’ అని దాదీని పిలిచి మరీ చెప్పిపోయాడు. “వీరేందర్ సార్ ఓట్లకు నిలబడ్డడు. రేపొచ్చి నీ పక్కన కూసుంటడు. చిన్నప్పుడు నా ఎంబడి ఆకు కోసిండు, మనలెక్క కూలోడే అని మైకుల చెప్పు, యాడీ. నీ పోడు పట్టా నేను చూస్కుంట. చెప్పకుంటే ఇంగ నన్నడగకు.”

అడవి కొట్టి చేసుకున్న ఆ మూడెకరాల పోడు ఆమె ముప్పై ఏళ్లుగా దున్నుతున్నదే. పట్టా చూపించకపోతే ఈ వానలకు అరక దిగనివ్వమని ఫారెస్టు వాళ్లు ఇప్పటికే చెప్పేశారు.

ఆకు ఎండబెట్టే కల్లం దగ్గర కార్లు ఆగాయి. వీరేందర్ రబ్బరు చెప్పులతో దిగాడు. చెప్పుకు ధర చీటీ ఇంకా ఊడలేదు.

“నేను లీడర్ను కాను. పెద్దింటోన్ని అసలే కాను. గీ ఆకు కోసే పెరిగిన” అంటూ కుప్ప ముందు బాసింపట్టు వేశాడు. కెమెరా చూస్తుండగా యాభై ఆకులు పేర్చి, నార చుట్టి, కట్టను దాదీ చేతిలో పెట్టాడు. తుల్సీరాం మైకును ఆమె నోటికి ఆనించాడు.

దాదీ పెదవులు తడుపుకుంది. “గీ పిలగాడు... నా ఎంబడి...”

అంతలో ఆమె బొటనవేలు కట్ట అంచు మీద నడిచింది. చేతికొచ్చిన ఏ కట్టనైనా అలా తడమకుండా ఆమె ఉండలేదు. వేలు ఆగింది. నార విప్పింది. చిల్లులు పడ్డ ఆకు తీసి పక్కన పడేసింది. ముదిరి గరుకెక్కిన ఆకు ఇంకొకటి. చినిగింది మరొకటి. మైకులో ఆకుల గలగల తప్ప ఏమీ లేదు.

“యాడీ, పట్టా!” అని తుల్సీరాం పళ్లు కొరికాడు. అది కూడా మైకులో వినబడింది.

ఒడిలో పదకొండు ఆకులు మిగిలాయి. ఆమె వీరేందర్ ముఖంలోకి చూసింది.

“బిడ్డా, నువ్వు ఎన్నడన్న ఆకు కోసినవా?”

పక్కింటి జంపక్క కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది. ఆ వెంటే కల్లమంతా నవ్వింది. కార్లు దుమ్ము రేపుకుంటూ పోయాయి. “అరక అమ్ముకో ఇంగ!” అని అరిచి తుల్సీరాం బండెక్కి వాటి వెనకే పోయాడు.

నాకు ఏడుపొచ్చింది. “ఒక్క అబద్ధం, దాదీ! పోడు నిలిచేది గదా!”

“పోడు పోతే కూలికి పోత. గసుంటి కట్టకు సరే అన్ననంటే రేపు గీ కల్లంల నా కట్టను ఎవడు ముట్టుకుంటడు? నోరు మూసి నార అందియ్.”